తీర్పుకు ఆధారమైన కాగితం మా చేతికీ రావాలి

న్యాయ పరిపాలన బాధ్యతలు చూస్తున్న ఉన్నతాధికారి గారికి,



ఒక మనిషి నేరం చేశాడా లేదా అని తేల్చే వేళ, తేల్చేవారి ముందు ఏయే కాగితాలు ఉండవచ్చు, ఏవి ఉండకూడదు, ఉన్నవాటిని అంతకుముందే ఎవరెవరు చూసి ఉండాలి అన్న ఒక్క విషయం మీదే ఈ లేఖ. ఇదే సంగతి మీ కార్యాలయానికి ఇదివరకే అర్జీగా పంపుకున్నాను. రాతపూర్వకంగా జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు పదిమందీ చదివేలా రాస్తున్నాను. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన గోడును అధికారులకు విన్నవించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. ఆ హక్కుతోనే తెలుగులో రాస్తున్నాను. ఇందులో నేను చెప్పబోయే చట్టాలు గానీ, కోర్టుల తీరు గానీ మీకు తెలియనివి కావు. తెలిసి కూడా ఇన్నాళ్ళుగా పక్కన పెట్టారన్నదే నా బాధ.

నేను పెనుకొండ ప్రాంతంలో దస్తావేజులు, అర్జీలు రాసుకుని బతికినవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ధర్మవరం మగ్గాలవాళ్ళు ఉంటారు, హిందూపురం మార్కెట్లో మూటలు మోసే హమాలీలు ఉంటారు, మడకశిర వైపునుంచి కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే రైతులు ఉంటారు, పుట్టపర్తి లాడ్జీల్లో పనిచేసే ఆడవాళ్ళు ఉంటారు. అమ్మకమైనా, దానమైనా, భాగపరిష్కారమైనా, సంతకమో వేలిముద్రో పడేముందు కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించడం మా వృత్తిలో మొదటి నియమం. హద్దుల్లో ఒక్క దిక్కు తప్పినా కొట్టివేసి, సరిచేసి, పక్కన పొట్టి సంతకం పెట్టిస్తాం. రెండు సెంట్ల స్థలానికి మేం పాటించే ఈ నియమం, ఒక మనిషిని ఏళ్ళ తరబడి జైలుకు పంపగల కాగితం దగ్గరికి వచ్చేసరికి మా చుట్టుపక్కల కోర్టుల్లో అమలు కావడం నేను చూడలేదు.

ఈ దేశంలో ఒకప్పుడు తీర్పు చెప్పే గదిలోకి ఏం తీసుకుపోవచ్చునన్న దానిమీద చాలా పట్టింపు ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద జ్యూరీ విచారణలు జరిగేవి. జ్యూరర్లు ఆలోచించుకోవడానికి పక్కకు వెళ్ళాక, కోర్టు అనుమతి లేకుండా బయటివారెవరూ వారితో మాట్లాడకూడదు. అదే కోడ్‌లో 294వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కేసుకు సంబంధించిన ఏ సంగతైనా ఒక జ్యూరర్‌కు స్వయంగా తెలిసి ఉంటే, అతను దాన్ని మనసులో దాచుకుని తీర్పులో వాడుకోవడానికి వీల్లేదు. జడ్జికి చెప్పాలి, అందరు సాక్షుల్లాగే ప్రమాణం చేసి బోనెక్కాలి, ఇరుపక్షాల వకీళ్ళు అతన్ని అడగాలి. తీర్పుకు పనికొచ్చే ప్రతి సంగతీ నిందితుడి కళ్ళముందు, నిందితుడి చెవిన పడేలా బయటికి రావాలనీ, అలా రానిదాన్ని తూకంలో వేయకూడదనీ ఆ సెక్షన్ సారాంశం.

ఇతర దేశాలు కూడా ఈ నియమాన్ని ఇంత పట్టుదలగానే కాపాడుకుంటున్నాయి. ఇంగ్లండులో 1994లో ఒక హత్య కేసు జ్యూరర్లు కొందరు తమను ఉంచిన హోటల్లో రాత్రిపూట వీజా బోర్డు పెట్టుకుని చనిపోయిన మనిషి ఆత్మను అడిగారని బయటపడితే, అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి మళ్ళీ విచారణ జరపమంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర సుప్రీంకోర్టు 2005లో, జ్యూరర్లు ఆలోచించుకునే గదిలోకి బైబిలు తెచ్చి చదివారన్న కారణంతో ఒక మరణశిక్షను నిలబెట్టడానికి ఒప్పుకోలేదు. బైబిలు చెడ్డదని కాదు, అది ఆ కేసులో సాక్ష్యం కాదని. విచారణ నడుస్తుండగా జ్యూరర్ ఇంటర్‌నెట్‌లో కేసు గురించి వెతకడాన్నే బ్రిటన్ 2015లో నేరం చేసింది. ఎంత పవిత్రమైనదైనా, ఎంత పనికొచ్చేదైనా, కోర్టులో అందరి ముందూ పరీక్షకు నిలబడని దానికి తీర్పు గదిలో చోటు లేదు.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు సంబంధించినంతవరకు జ్యూరీ జ్ఞాపకం తియ్యనిది కాదని నాకు తెలుసు. 1893 అక్టోబరులో గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపలాదారు హంపన్న, ఇద్దరు ఆడవాళ్ళను తెల్ల సైనికుల బారినుంచి కాపాడబోయి తుపాకి దెబ్బకు ప్రాణం పోగొట్టుకున్నాడు. గుత్తి వకీలు పట్టు కేశవపిళ్ళై ఆ సంగతిని హిందూ పత్రిక ద్వారా లోకానికి చాటారు. నేరం మోపబడిన సైనికుడికి మాత్రం శిక్ష పడలేదు. ఐరోపా జాతి బ్రిటిష్ ప్రజ నిందితుడైతే, జ్యూరీలో కనీసం సగం మంది యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని కోరే హక్కును ఆనాటి చట్టం ఇచ్చింది. అంటే నిందితుడి భాష, నిందితుడి అలవాట్లు తెలిసినవారే అతనికి తీర్పు చెప్పాలన్న జాగ్రత్త తెల్లవాడి విషయంలో అంత గట్టిగా తీసుకున్నారు. స్వతంత్ర దేశంలో, సొంత జిల్లాలో, తెలుగు తప్ప మరొకటి రాని మనిషి తన మీద తయారైన కాగితం తనకు అర్థమయ్యే భాషలో ఉండాలని అడగడం అంతకన్నా చిన్న కోరిక. ఆ చిన్న కోరికే ఇంకా తీరలేదు.

జ్యూరీ వద్దని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసింది. మరుసటి ఏడాది బొంబాయిలో నానావతి నిందితుడైన హత్య కేసులో పత్రికల హోరు మధ్య జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి దాంతో విభేదించి హైకోర్టుకు నివేదిస్తే అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1973 నాటి కొత్త కోడ్ 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ మాటే లేకుండా పోయింది. దాన్ని మళ్ళీ తెమ్మని నేను అడగడం లేదు. జ్యూరీ పోయినంత మాత్రాన జ్యూరీని కట్టిపడేసిన నియమం పోలేదని మాత్రమే గుర్తు చేస్తున్నాను. అప్పుడు తొమ్మిది మందో ఐదుగురో కూర్చున్న చోట ఇప్పుడు ఒక్క జడ్జిగారు కూర్చున్నారు. అప్పటి గది స్థానంలో ఇప్పుడు ఒక ఫైలుంది. ఆ ఫైల్లో ఏముందో, అది ఎలా తయారైందో, దాన్ని ఎవరు చదవగలరో అన్నదే ఇవాళ న్యాయమంతా.

ఫైలుకు ఇంత బరువు ఎందుకు వచ్చిందో కూడా మీకు తెలుసు. సాక్షి చెప్పినది విన్న జడ్జిగారే తీర్పు రాయాలన్న నిర్బంధం చట్టంలో లేదు. బదిలీ అయితే, ఆ స్థానంలోకి వచ్చినవారు ముందువారు నమోదు చేసిన సాక్ష్యం మీదనే ముందుకు సాగవచ్చు. 1973 కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 365వ సెక్షన్ చెప్పేది అదే. కొత్తగా వచ్చినవారు సాక్షి ముఖం చూడలేదు, గొంతు వినలేదు, ఎక్కడ తడబడిందో, ఎక్కడ గట్టిగా నిలబడిందో ఎరగరు. ఆయన ముందున్నది టైపు చేసిన కాగితం ఒక్కటే. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. సాక్షి మాట్లాడింది తెలుగులో. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరంలో ఒక మనిషి జీవితం ఎటైనా తిరిగిపోవచ్చు.

అలా తిరిగిపోకుండా చట్టం ఏయే కట్టుబాట్లు పెట్టిందో చూడండి. సంహిత 307వ సెక్షన్ ప్రకారం హైకోర్టు తప్ప రాష్ట్రంలోని మిగతా క్రిమినల్ కోర్టుల భాష ఏదో నిర్ణయించవలసింది రాష్ట్ర ప్రభుత్వం. 312వ సెక్షన్ ప్రకారం సాక్షి కోర్టు భాషలోనే చెబితే దాన్ని ఆ భాషలోనే రాసుకోవాలి. 313వ సెక్షన్ ప్రకారం ఆ వాంగ్మూలాన్ని నిందితుడో అతని వకీలో ఉండగా సాక్షికి చదివి వినిపించాలి, అవసరమైతే సరిదిద్దాలి. రాసింది సాక్షికి తెలియని భాషలోనైతే తెలిసిన భాషలో విడమరచి చెప్పాలి. 314వ సెక్షన్ ప్రకారం నిందితుడికి రాని భాషలో సాక్ష్యం వస్తే, దాన్ని బహిరంగ న్యాయస్థానంలో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. 404వ సెక్షన్ ప్రకారం శిక్ష పడిన మనిషి కోరితే, వీలైనంతవరకు అతని భాషలోకో, కోర్టు భాషలోకో తీర్పును అనువదించి ఉచితంగా ఇవ్వాలి. ఇవేవీ నిన్నమొన్న పుట్టినవి కావు. 1973 కోడ్‌లో ఉన్నవే 2024 జులై 1 నుంచి కొత్త నంబర్లతో కొనసాగుతున్నాయి. తెలుగును అధికార భాషగా చేసిన మన చట్టం 1966 నాటిది.

వీటికి తోడు 2021 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, క్రిమినల్ విచారణల్లో లోపాల మీద తనంతట తానుగా చేపట్టిన వ్యవహారంలో ముసాయిదా నియమాలను ఖరారు చేసి, ఆరు నెలల్లో అమలుకు తేవాలని హైకోర్టులన్నిటినీ, రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ వ్యవహారం శీర్షికలో ప్రతివాదుల వరుసలో మొట్టమొదట ఉన్న పేరు మన ఆంధ్రప్రదేశ్‌దే. సాక్షి వాంగ్మూలాన్ని అతని భాషలోనూ, దాని అనువాదాన్ని ఇంగ్లీషులోనూ నమోదు చేయాలనీ, ఏ మినహాయింపూ లేకుండా కోర్టులో చదివి వినిపించాలనీ, అదే రోజు ధ్రువీకరించిన ప్రతిని నిందితుడికో అతని వకీలుకో, సాక్షికీ, ప్రాసిక్యూటర్‌కూ ఉచితంగా ఇవ్వాలనీ, ప్రతి కోర్టుకూ అనువాదకుణ్ణి అందుబాటులో ఉంచాలనీ ఆ నియమాలు చెబుతున్నాయి. పోలీసులు స్వాధీనం చేసుకున్నా కేసులో వాడుకోని కాగితాలు, వస్తువుల జాబితాను కూడా నిందితుడికి ఇవ్వాలని అవే నియమాలు చెబుతున్నాయి. తనకు పనికొచ్చేది ఆ వాడుకోని వాటిలో ఉందేమోనన్న సంగతి నిందితుడికి మరెలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను స్వయంగా చూసినది చెబుతాను. కోర్టు పేరు రాయను. ఒక్క కోర్టును వేలెత్తి చూపితే అది ఒక్కచోట జరిగిన పొరపాటు అయిపోతుంది, మిగతా చోట్ల ఏమీ లేదనిపిస్తుంది.

మా చెల్లెలి కొడుకు మగ్గం నేసుకునే కుర్రాడు. వీధిలో రాత్రిపూట జరిగిన కొట్లాటలో ఒక మనిషికి తల పగిలితే, మావాడి మీదా మరికొందరి మీదా కేసు పెట్టారు. చార్జిషీటుతో పాటు ఇచ్చిన కట్టలో పంచనామా జిరాక్సుకు జిరాక్సు. ఎడమ అంచు మొత్తం నల్లగా మాసిపోయి, మధ్యవర్తుల సంతకాలు సగానికి తెగిపోయి ఉన్నాయి. వీధి చివర దుకాణం కెమెరా దృశ్యాలు ఉన్న పెన్‌డ్రైవ్‌ను స్వాధీనం చేసుకున్నట్టు చార్జిషీటులో రాశారు గానీ, దాని కాపీ మాకు ఇవ్వలేదు. సాక్ష్యం రోజున సీలు తీసి కంప్యూటర్‌కు పెడితే అది తెరుచుకోలేదు. తెరుచుకోలేదని రాసుకుని మళ్ళీ సీలు వేశారు. మెమరీ కార్డులో ఉన్నది కూడా చట్టం దృష్టిలో పత్రమేననీ, ప్రత్యేక కారణాలుంటే తప్ప దాని ప్రతి నిందితుడికి ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. అది ఆ రోజు ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ వీధిలోని ఒక ముసలమ్మ ప్రాసిక్యూషన్ సాక్షి. నేను వెనక బెంచీ మీద కూర్చుని విన్నాను. "అరుపులు ఇనబడితే బయటికొచ్చినా సామీ. నేను వచ్చేతలికి ఆ మనిషి కింద పడిపోయుండాడు" అని ఆమె చెప్పింది. గదిలో మరో కేసు వాయిదాకు పిలుస్తున్నారు, బెంచి క్లర్కు ఫైళ్ళు వెతుకుతున్నారు, టైపిస్టు ఇంగ్లీషులో టైపు కొడుతున్నారు. కాగితం అడుగున సాక్షికి చదివి వినిపించగా సరైనదని ఒప్పుకున్నట్టు ఒక వాక్యం ముందే అచ్చయి ఉంది. ఎవరూ చదవలేదు, ఎవరూ వినిపించలేదు. ఆమె బొటనవేలికి ఇంకు రాసి ముద్ర వేయించుకున్నారు. తర్వాత మేం కాపీకి దరఖాస్తు పెట్టుకుని తెప్పించుకున్నాక చూస్తే, కొట్లాట జరుగుతుండగా ఆమె చూసిందన్న అర్థం వచ్చేలా ఉంది. ఆమెను మళ్ళీ పిలిపించాలని మా వకీలు పిటిషన్ వేశారు. ఆ పిటిషన్ వాయిదాల్లో ఉండగానే ఆమె కాలం చేసింది. ఈలోగా జడ్జిగారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారి ముందు మిగిలింది ఆ కాగితమే.

చివరికి ఇతర సాక్ష్యాల్లో పొంతన కుదరక, సందేహ ఫలం కింద మావాడు విడుదలయ్యాడు. దాంతో ఈ కథ సుఖాంతమైందని మీరు అనుకోవద్దు. తీర్పు కాపీ వచ్చిన వారంలోనే మా చెల్లెలు ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నా కొడుకు తప్పు చేయలేదని రాసినారా, చేసినాడు గానీ వదిలేసినామని రాసినారా అన్నా?" అని అడిగింది. ఆమె వెళ్ళిన కొద్ది రోజులకే, తల పగిలిన ఆ మనిషి భార్య అదే తీర్పు పట్టుకుని అదే అరుగు మీద కూర్చుంది. "మా ఆయన్ను ఎవరూ కొట్టలేదని రాసినారా? ఆయనంతట ఆయనే పడిపోయినాడని రాసినారా?" అని అడిగింది. ఇద్దరికీ నాకు తెలిసిన ఇంగ్లీషుతో నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే వీధిలో ఉంటారు, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. కోర్టు వాళ్ళిద్దరికీ న్యాయం చేయడానికి ఏళ్ళు తీసుకుంది. ఏ న్యాయం చేసిందో వాళ్ళ భాషలో ఒక్క పేజీ కూడా చెప్పలేదు. నేను నిందితుడి మేనమామను కాబట్టి ఒక పక్షం కోసం రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, ఆ రెండో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పమని కోరుతున్నాను. 404వ సెక్షన్‌లో ఉచిత అనువాదం మాట ప్రధానంగా శిక్ష పడినవాడి కోసమే. విడుదలైనవాడికీ, దెబ్బ తిన్నవాడికీ ఆ కాగితం అర్థం కావాల్సిన అవసరం లేదని ఎవరూ అనలేరు కదా.

మీరు చెప్పగల సమాధానాలు నేను ముందే విన్నాను, ఒక్కొక్కటిగా వినయంగా బదులిస్తాను.

ఇది హైకోర్టు పరిధిలోని వ్యవహారమని మీ కార్యాలయం వారు ఒకసారి నోటిమాటగా అన్నారు. విచారణ ఎలా నడపాలో కోర్టులే చూసుకుంటాయి, అందులో మీరు జోక్యం చేసుకోకూడదు, చేసుకోవాలని నేను కోరను. కానీ కింది క్రిమినల్ కోర్టుల భాషను నిర్ణయించే బాధ్యతను 307వ సెక్షన్ ప్రభుత్వం మీదే పెట్టింది. అనువాదకుల పోస్టు మంజూరు చేసేది, తెలుగు టైపు వచ్చిన సిబ్బందికి జీతం ఇచ్చేది, కంప్యూటర్లూ ప్రింటర్లూ కొనేది ప్రభుత్వ ఖజానా. కోర్టు అడగలేదని ప్రభుత్వమూ, ప్రభుత్వం ఇవ్వలేదని కోర్టూ అనుకుంటూ కూర్చుంటే, మధ్యలో వేలిముద్ర వేసిన ముసలమ్మ గోడు ఎవరికి చెప్పుకోవాలి?

చట్టం మాటలకు తెలుగులో సరైన పదాలు లేవన్నది రెండోది. ఫిర్యాదు తెలుగులో తీసుకుంటున్నారు, పంచనామా తెలుగులో రాస్తున్నారు, సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లోకి అనువదించి అందుబాటులో ఉంచుతోంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక భూవివాదంలో తీర్పును తెలుగులో వెలువరించింది. హైకోర్టు భాష ఇంగ్లీషేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతుండగా కూడా ఆ న్యాయమూర్తులు ఆ శ్రమ తీసుకున్నారు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం మాట తెలుగులో చదువుకోగలుగుతున్న మనిషి, తన సొంత వీధి సాక్షి చెప్పిన మాటను తన స్థానిక కోర్టు ఫైల్లో తెలుగులో చదువుకోలేకపోతున్నాడు.

అప్పీలు పైకి వెళితే ఇంగ్లీషు కావాలన్నది మూడోది. కావాలి, కాదనను. పైకోర్టుకు పంపేటప్పుడు అనువాదం చేయించండి. సాక్షి చెప్పిన అసలు మాట మాత్రం ఫైల్లోనే, సాక్షి భాషలోనే ఉండాలి. అప్పుడు అనువాదంలో తేడా వస్తే సరిచూసుకోవడానికి ఒక ఆధారమైనా మిగులుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో అసలే లేదు, ఉన్నది నకలు మాత్రమే. తప్పు జరిగిందో లేదో తేల్చడానికి కూడా దారి లేదు.

సిబ్బంది కొరత నాలుగోది. దీని గురించి నేనేమీ అనను. లోగడ మా వైపు జరిగిన ఒక న్యాయవిజ్ఞాన సదస్సులో మీ హోదాలోనే ఉన్నవారు వేదిక మీదినుంచి, త్వరలో ప్రతి క్రిమినల్ కోర్టులోనూ అనువాదకుణ్ణి పెడతామని చెప్పారు. ఊళ్ళనుంచి వచ్చిన జనం చప్పట్లు కొట్టారు, వారిలో నేనూ ఉన్నాను. మనుషులు మారారు, హోదా మారలేదు, మాట ఇచ్చింది ఆ హోదా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయి, పుట్టపర్తి కేంద్రంగా మాకు కొత్త జిల్లా వచ్చినప్పుడు కూడా పాలన మా ముంగిట్లోకి వస్తుందనే విన్నాం. ముంగిట్లోకి వచ్చింది మాకు అర్థం కాని భాషలో మాట్లాడితే, అది ఎంత దగ్గరికి వచ్చినట్టు?

ఒక్కసారి పుట్టపర్తి సంగతే ఆలోచించండి. అక్కడికి ఎన్నో దేశాలనుంచి భక్తులు వస్తుంటారు. వారిలో ఎవరో ఒకరు రేపు ఒక కేసులో సాక్షిగానో నిందితుడిగానో నిలబడితే, వారి భాష తెలిసిన మనిషిని వెతికి తెచ్చి గానీ ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు. అది సబబే, అలాగే జరగాలి. ఆ మర్యాద ఈ నేల మీద పుట్టినవాళ్ళకు కూడా దక్కాలని కోరడం అత్యాశ కాదు. నిర్బంధంలో పెట్టిన మనిషికి అర్థం కాని భాషలో కారణాలు చెబితే చెప్పినట్టు కాదని సుప్రీంకోర్టు 1962లోనే, హరికిషన్ కేసులో తేల్చింది. ఆ కారణంతోనే ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. కొద్ది నెలల నిర్బంధానికే అంత పట్టింపు అవసరమైతే, యావజ్జీవం దాకా పోగల విచారణకు ఎంత ఉండాలి?

కాబట్టి నేను కోరేవి ఇవి. మొదటిది, జిల్లాలోని ప్రతి క్రిమినల్ కోర్టులో తెలుగులో చెప్పిన సాక్ష్యాన్ని తెలుగులోనే టైపు చేయడానికి కావలసిన పోస్టులు, యంత్రాలు మంజూరు చేయండి. కన్నడం, ఉర్దూ మాట్లాడే సాక్షులు మా సరిహద్దు మండలాల్లో మామూలు కనుక వారి కోసం అనువాదకులను నియమించండి. రెండోది, వాంగ్మూలం ప్రతిని అదే రోజు సాక్షికీ నిందితుడికీ ఉచితంగా ఇవ్వడానికి అయ్యే కాగితం ఖర్చును బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టండి. మూడోది, చార్జిషీటుతో ఇచ్చే కాగితాలు చదవడానికి వీలుగా ఉండాలనీ, వాడుకోని వాటి జాబితా జత కావాలనీ ప్రాసిక్యూషన్ విభాగానికి రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వండి. కోర్టుకు హాజరైన పద్నాలుగు రోజుల్లోగా నిందితుడికి ఈ కాగితాలు అందాలని 230వ సెక్షన్ చెబుతోంది. చదవరాని కాగితం అందినట్టు లెక్క కాదు. నాలుగోది, సోదాలనూ స్వాధీనాలనూ వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ శాసించింది కనుక ఇకముందు ప్రతి కేసులోనూ ఇలాంటి రికార్డులు వస్తాయి. వాటిని తెరిచి చూపగల పరికరాలు ప్రతి కోర్టుకూ ఇవ్వండి, నిందితుడి వకీలు కూర్చుని చూసుకోవడానికి ఒక చోటు చూపించండి. ఐదోది, శిక్ష పడినా పడకపోయినా తీర్పు సారాంశం తెలుగులో ఇరుపక్షాలకూ అందేలా హైకోర్టుతో సంప్రదించి ఒక ఏర్పాటు చేయండి.

ఇందులో ఏ ఒక్కటీ కొత్త హక్కు కోసం అడిగింది కాదు. మొదటి నాలుగూ చట్టంలోనో, సుప్రీంకోర్టు ఆదేశంలోనో ఉన్నవే. ఐదోది వాటి సహజమైన పొడిగింపు. జడ్జిగారి విచక్షణలో వేలు పెట్టమని నేను ఎక్కడా అనలేదు. ఆయన ముందున్న కాగితం నిజంగా సాక్షి చెప్పిందే అయి ఉండాలనీ, అది నిందితుడూ బాధితుడూ ఆయనతో సమానంగా చదవగలిగేదై ఉండాలనీ మాత్రమే అన్నాను. పాత కాలపు జ్యూరర్ తన మనసులో ఉన్నదాన్ని కూడా బోనెక్కి అందరికీ చెప్పి గానీ వాడుకోకూడదని చట్టం పట్టుబట్టింది. అంత పట్టుదల ఉన్న చట్టానికి వారసులం మనం. ఫైల్లో ఉన్న మాటను దాని యజమానికే చదివి వినిపించకుండా వాడుకోవడం ఆ వారసత్వానికి తగదు.

ఈ ఐదింటిలో ఏవి మీ చేతిలో ఉన్నాయో, ఏవి లేవో, ఉన్నవి ఏ తేదీలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా మనవి. మంజూరైన అనువాదకుల పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఎన్ని కోర్టుల్లో సాక్ష్యం తెలుగులో నమోదవుతోంది అన్న లెక్కలు కూడా అందులో చేర్చండి. జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలను 2005 సమాచార హక్కు చట్టం కింద, ముప్పై రోజుల గడువుతో మళ్ళీ అడుగుతాను. నాతోపాటు అడగడానికి ధర్మవరంలో, హిందూపురంలో, పెనుకొండలో సంతకాలు పెట్టినవాళ్ళు ఉన్నారు. అడిగించుకున్నాక ఇచ్చే జవాబు కన్నా, బాధ్యతగా మీరే ముందుకొచ్చి ఇచ్చే జవాబు మీ పదవికి గౌరవం. ఆ గౌరవం మీరు నిలుపుకుంటారనే నమ్మకంతోనే ఇంత దూరం రాశాను.

ఇట్లు,
భవదీయుడు,
పెనుకొండ ప్రాంతపు ఒక దస్తావేజు లేఖరి